మందు ఉచితమే, మరి ఖర్చెంత?

“పిచ్చి కుదిరితేగాని పెళ్ళి కాదు, పెళ్ళి అయితేగాని పిచ్చి కుదరదు” అని మన పెద్దలు ఒక సామెత చెబుతూ ఉంటారు. మనోవ్యాధిని ఆ పేరుతో పిలవడం మొరటుతనం. పెళ్ళి చేస్తే జబ్బు నయమవుతుందనుకోవడం అంతకంటే పెద్ద పొరపాటు. దానివల్ల ఒకరి కష్టం ఇద్దరిదవుతుంది, అంతే. అయినా ఆ సామెతలోని చిక్కుముడి మాత్రం నిజమైనదే. మానసిక వైద్యం విషయంలో అది ఇలా తయారయింది: అవసరం ఎంత ఉన్నదో లెక్క చూపితేగాని డబ్బు రాదు, డబ్బు వస్తేగాని వైద్యుడు రాడు, వైద్యుడు వస్తేగాని లెక్క రాసే పుస్తకం తెరవరు.

ఈ ముడి ఎక్కడ పడిందో తెలుసుకోవాలంటే రాజధానిలో కూర్చుని చూస్తే లాభం లేదు. దారి చివర ఉన్న ఊరినుంచి చూడాలి. అలాంటి ఊరు చర్ల.

దారి చివరి ఊరు

భద్రాచలం వెళ్ళి రాములవారిని దర్శించుకుని వచ్చినవారు మన పాఠకుల్లో చాలామంది ఉంటారు. కాని అక్కడినుంచి గోదావరి ఎడమ గట్టు వెంట ఎగువకు సుమారు అరవై కిలోమీటర్లు ప్రయాణం చేసి చర్ల చూసినవారు కొద్దిమందే ఉంటారు. తాలిపేరు వాగు, దానిమీద కట్టిన ప్రాజెక్టు, వరి పొలాలు, మిరప తోటలు. వాటి వెనుక అడవి. ఆ అడవి దాటితే ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం. చుట్టూ కోయవారి పల్లెలు. 2005 తరువాత సరిహద్దు అవతల చెలరేగిన అలజడికి తాళలేక ఇటు వచ్చి, అడవి అంచున గుడిసెలు వేసుకున్న గొత్తికోయల గూడేలు కూడా ఉన్నాయి.

ఈ ప్రాంతం పాలన చేతులు మారుతూ వచ్చింది. భద్రాచలం ఏజెన్సీ 1959 వరకు తూర్పు గోదావరి జిల్లాలో ఉండేది. ఆ ఏడాది ఖమ్మం జిల్లాలో కలిసింది. 2016లో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు భద్రాద్రి కొత్తగూడెం జిల్లా అయింది. జిల్లాతో పాటు పెద్దాసుపత్రి దిక్కు కూడా మారింది. తూర్పు గోదావరిలో ఉన్నంతకాలం మానసిక వైద్యశాల అంటే విశాఖపట్నంలోనిది. దాని చరిత్ర 1871 దాకా పోతుంది. ఆ తరువాత హైదరాబాదులోని ఎర్రగడ్డ. ఈ ఎర్రగడ్డ ఆసుపత్రి కూడా 1953లో జాల్నా నుంచి తరలి వచ్చినదే. విశాఖ అయినా, హైదరాబాదు అయినా, చర్ల వారికి ఒక్కటే: దూరం. భద్రాచలం నుంచి హైదరాబాదుకే మూడు వందల కిలోమీటర్ల పైచిలుకు. చర్ల నుంచి భద్రాచలం రావడం దానికి అదనం.

ఇప్పుడు పరిస్థితి పూర్తిగా అలాగే లేదు. 2022లో కొత్తగూడెంలో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమయింది. భద్రాచలంలో ప్రభుత్వాసుపత్రి ఉన్నది. పల్లెల్లో ఆశా కార్యకర్తలున్నారు. వైద్యం కొంత దగ్గరకు జరిగింది. కాని “కొంత దగ్గర” అంటే ఎంత? దానిని కిలోమీటర్లలో కొలవాలా, రూపాయల్లో కొలవాలా, కూలి పోయిన రోజుల్లో కొలవాలా? ఇక్కడే మన కథ మొదలవుతుంది.

ఒక ఇంటి జమాఖర్చు

చర్ల దగ్గర పల్లెలో ఒక కుటుంబం ఉన్నదని అనుకుందాం. ఇది లెక్క కోసం కల్పించుకున్న ఇల్లే. తండ్రి, తల్లి, ఇరవై నాలుగేళ్ళ కొడుకు. రెండేళ్ళుగా కొడుకు పనికి వెళ్ళడం లేదు. రాత్రిళ్ళు నిద్రపోడు. ఎవరో తనను పిలుస్తున్నారంటాడు. ఒకటి రెండుసార్లు అడవిదారి పట్టిపోతే వెతికి తీసుకొచ్చారు. నెలకొకసారి అతన్ని భద్రాచలం తీసుకువెళ్ళి చూపిస్తున్నారు. అక్కడ ప్రభుత్వాసుపత్రిలో మందు ఉచితంగానే దొరికిందనుకుందాం. ఆసుపత్రి పుస్తకంలో ఆ కుటుంబానికి అయిన ఖర్చు సున్న.

ఇప్పుడు మనం రాద్దాం. 2024–25లో తెలంగాణకు ప్రకటించిన ఉపాధి హామీ కూలి రోజుకు 300 రూపాయలు. దానినే కొలబద్దగా తీసుకుందాం. కొడుకును తీసుకువెళ్ళిన రోజున తల్లిదండ్రులిద్దరి కూలి పోతుంది: 600 రూపాయలు. కొడుకు ఆరోగ్యంగా ఉంటే నెలలో ఇరవై రోజులు పని చేసేవాడనుకుంటే, పోయినది 6,000. అతన్ని కనిపెట్టుకుని ఉండడానికి తల్లి మరో ఇరవై రోజులు పూటకూలికి మాత్రమే వెళ్ళగలుగుతుంది. అంటే పది రోజుల కూలి, 3,000. మొత్తం నెలకు 9,600. ఏడాదికి 1,15,200 రూపాయలు. ఇందులో మందుల ఖర్చు ఒక్క పైసా లేదు. ఉచిత వైద్యమంటే ఇదన్నమాట!

“బస్సు ఛార్జీలేవి?” అని మీరడగవచ్చు. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో స్త్రీలకు ప్రయాణం ఉచితం. తల్లికి టికెట్టు లేదు. తండ్రికీ కొడుకుకూ ఉన్నది. సరిహద్దు దాటివచ్చిన గూడెంలోని తల్లికి తెలంగాణ చిరునామాతో గుర్తింపు కార్డు లేకపోతే ఆమే డబ్బిచ్చి కొనుక్కోవాలి. పైగా, ఉచితమైన టికెట్టుకు ఖర్చు లేదనడానికి వీల్లేదు. ఆ డబ్బు ప్రభుత్వం ఆర్టీసీకి చెల్లిస్తుంది. అంటే ఖర్చు ఆ తల్లి చెంగుముడిలోంచి ప్రభుత్వ ఖజానాకు మారింది. మాయమైపోలేదు.

దీనికి తోడు కాలం కూడా చూడాలి. ఏడాదిలో అన్ని రోజుల ఖరీదూ ఒకటి కాదు. ఎండాకాలం మొదట్లో ఇప్పపూలు రాలే రోజులు, తరువాత తునికాకు కోసే రోజులు, మిరపకాయ ఏరే రోజులు – అడవి అంచు కుటుంబానికి ఏడాది బతుకు ఆ కొద్ది వారాల మీదే చాలావరకు ఆధారపడి ఉంటుంది. తునికాకు కోతలో పోయిన ఒక్క రోజు, వానాకాలంలో ఇంట్లో కూర్చున్న నాలుగు రోజులతో సమానం. “ఫలానా తేదీన తప్పకుండా రావాలి” అని చీటీ మీద రాసే వైద్యుడికి ఈ సంగతి తెలియకపోతే, రోగి ఆ నెల రాడు. మందు ఆగిపోతుంది. జబ్బు తిరగబెడుతుంది. చివరకు ఖర్చు రెట్టింపు.

ఇంకొక ఖర్చు ఉన్నది. ఆసుపత్రికి రాకముందు ఆ కుటుంబం ఎక్కడికి వెళ్ళింది? ఊళ్ళోని వడ్డె దగ్గరకు వెళ్ళి ఉంటుంది. మంత్రగాడి దగ్గరకు వెళ్ళి ఉంటుంది. కోడినో మేకనో ఇచ్చి ఉంటుంది. మొక్కు తీర్చడానికి అప్పు చేసి ఉంటుంది. దీన్ని చూసి నవ్వుకోనక్కరలేదు. పిలిస్తే పలికే మనిషి, తన భాషలో మాట్లాడే మనిషి, అర్ధరాత్రి వచ్చి పక్కన కూర్చునే మనిషి అతనొక్కడే. కోయ భాషలో చెప్పుకోవలసిన బాధను తెలుగులోకి మార్చి డాక్టరుకు వినిపించడానికి మరొకరిని వెంట తీసుకువెళ్ళవలసి వస్తే, ఆ మనిషి రోజు కూడా లెక్కలోకి రావలసిందే.

లెక్క కట్టే విద్య

ఇలాంటి ఖర్చులను కట్టుదిట్టంగా లెక్కించే పద్ధతి ఒకటి ఉన్నది. దాని పుట్టిల్లు ఇంగ్లండు. అక్కడ పెద్ద పెద్ద మానసిక వైద్యశాలలను మూసి, అందులోని వారిని ఊళ్ళలో చిన్న ఇళ్ళలో ఉంచి చూసుకోవాలని నిర్ణయించారు. ఉత్తర లండనులోని ఫ్రయర్న్ ఆసుపత్రి 1851లో తెరిచినది, 1993లో మూతపడింది. “ఊళ్ళో ఉంచితే ఖర్చు తగ్గుతుంది” అని కొందరు, “రోగులను వీధిపాలు చేస్తున్నారు” అని కొందరు వాదించుకుంటున్న రోజులవి. ఎవరి మాట నిజం?

మార్టిన్ నాప్, జెన్నిఫర్ బీచమ్ అనే ఇద్దరు ఈ పని చేపట్టారు. ఒక్కొక్క మనిషిని తీసుకుని, గడచిన కొన్ని నెలల్లో అతడు ఎక్కడ ఉన్నాడు, ఎవరెవరు అతన్ని చూశారు, ఎన్నిసార్లు, ఎంతసేపు, ఇంట్లోవారు ఎంత కాలం వెచ్చించారు, ఆదాయం ఎంత, పింఛను ఎంత అని వరసగా అడిగి రాసే ఒక పట్టిక తయారుచేశారు. అది 1992లో అచ్చయింది. ఆ తరువాత ఎన్నో దేశాల్లో, ఎన్నో భాషల్లోకి మార్చుకుని వాడుతున్నారు. అంతకు ముందే 1990లో వారు ఒక వ్యాసంలో ఖర్చు లెక్కించడానికి నాలుగు సూత్రాలు చెప్పారు. వాటిని మన చర్లకు అన్వయించి చూద్దాం.

మొదటిది: లెక్క సమగ్రంగా ఉండాలి. ఆసుపత్రి ఖర్చొక్కటే రాస్తే చాలదు. కుటుంబం ఖర్చు, ఇతర శాఖల ఖర్చు, పోయిన పని – అన్నీ రావాలి. పైన మనం చేసినది ఇదే.

రెండవది: మనిషికీ మనిషికీ ఖర్చులో తేడా ఎందుకు వచ్చిందో పరిశీలించాలి. సగటు ఒక్కటే చూస్తే మోసపోతాం. జిల్లా కేంద్రంలో ఉండే రోగి ఒక ఆటో ఎక్కి ఆసుపత్రికి వస్తాడు. చర్ల రోగికి రోజంతా పడుతుంది. ఇద్దరికీ కలిపి సగటు తీస్తే అది వారిద్దరిలో ఎవరి ఖర్చూ కాదు.

మూడవది: పోల్చదగినవాటినే పోల్చాలి. ఫ్రయర్న్ అనుభవం దీనికి మంచి ఉదాహరణ. మొదట బయటికి పంపినవారు కాస్త తేలికపాటి రోగులు. వారి ఖర్చు తక్కువే అయింది. అది చూసి “అందరికీ ఇంతే అవుతుంది” అనుకుంటే దెబ్బతినేవారు. ఎందుకంటే చివరకు మిగిలినవారు ఎక్కువ సహాయం కావలసినవారు, వారి ఖర్చు చాలా ఎక్కువ. రోడ్డు పక్క ఊళ్ళో శిబిరం పెట్టి, వచ్చినవారికి అయిన ఖర్చును చూపి, “అడవి గూడేనికి కూడా ఇంతే చాలు” అని బడ్జెట్టు వేసేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

నాలుగవది అన్నిటికంటే ముఖ్యం: ఖర్చు పక్కనే ఫలితం రాయాలి. ఎంత పెట్టాం అన్నదానితో పాటు మనిషి ఏమయ్యాడు అన్నది ఉండాలి. ఇది లేకపోతే ఏమవుతుందో ఇప్పుడు చెబుతాను.

సంకెల చౌక

ఆసుపత్రి లేని చోట, మందు లేని చోట, మనోవ్యాధి వచ్చిన మనిషిని ఏం చేస్తారు? గదిలో పెట్టి గొళ్ళెం వేస్తారు. లేకపోతే గొలుసుతో కట్టేస్తారు. క్రూరులై చేసేది కాదు. పొలానికి వెళ్ళాలి, చిన్నపిల్లలున్నారు, ఇంటిపక్కనే వాగు ఉన్నది. వేరే దారి కనిపించదు.

రూపాయల్లో మాత్రమే లెక్క చూస్తే ఇంతకంటే చౌకైన “వైద్యం” ఇంకొకటి లేదు. గొలుసు ఒకసారి కొంటే ఏళ్ళ తరబడి పనికి వస్తుంది. ప్రభుత్వానికి ఖర్చు లేదు. డాక్టరు అక్కరలేదు. పుస్తకంలో అంకె సున్న. తమిళనాడులో రామనాథపురం జిల్లా ఏర్వాడిలో, దర్గా ప్రభావంతో నయమవుతుందన్న ఆశతో కుటుంబాలు తీసుకువచ్చి వదిలినవారిని పాకల్లో గొలుసులతో కట్టి ఉంచేవారు. 2001 ఆగస్టు 6 తెల్లవారుజామున అక్కడ ఒక పాకకు నిప్పంటుకుంది. పారిపోవడానికి వీలులేక 28 మంది కాలిపోయారు. ఆ తరువాతగాని దేశం ఉలిక్కిపడలేదు. ఆ 28 మందికి అంతకు ముందురోజు వరకు ఎంత ఖర్చవుతున్నదని అడిగితే, “చాలా తక్కువ” అనే జవాబు వచ్చేది.

ఫలితం రాయని లెక్కకు ఇదీ ప్రమాదం. నిర్లక్ష్యం ఎప్పుడూ చౌకగానే కనిపిస్తుంది.

కన్నడ పల్లెల్లో తేలిన నిజం

“సరే, అన్నీ లెక్క వేశాం. వైద్యం చేస్తే లాభమా నష్టమా?” అని గృహస్థు అడుగుతాడు. న్యాయమైన ప్రశ్నే. దీనికి జవాబు మన పొరుగునే దొరికింది. బెంగుళూరులోని నిమ్హాన్స్ సంస్థకు చెందిన డాక్టర్ ఆర్. శ్రీనివాసమూర్తి, ఆయన సహచరులు కర్ణాటకలోని ఎనిమిది గ్రామీణ ప్రాంతాల్లో, వైద్యం అందని స్కిజోఫ్రేనియా రోగులను 100 మందిని గుర్తించారు. వారిని ఆసుపత్రికి రప్పించడం కాదు; వైద్యాన్నే వారి ఊళ్ళకు తీసుకువెళ్ళారు. ఏడాదిన్నరపాటు కనిపెట్టి చూశారు. ఫలితాలు 2005లో ప్రచురించారు.

జబ్బు లక్షణాలు తగ్గాయి. పని చేసుకోలేని అశక్తత తగ్గింది. ఇంటివారి మీద భారం తగ్గింది. వైద్యానికి కొత్త ఖర్చు వచ్చి పడిన మాట నిజమే. కాని మంత్రగాళ్ళ చుట్టూ, నాటువైద్యుల చుట్టూ తిరిగే ఖర్చు పడిపోయింది. ఇంట్లోవారు రోగిని కనిపెట్టుకుని కూర్చునే గంటలు తగ్గాయి. ఆ మిగులు ఈ కొత్త ఖర్చుకు సరిపోయింది. వైద్యం చేయడం వల్ల ఖర్చు పెరగలేదు. అదివరకు కనిపించని ఖర్చు కనిపించే ఖర్చుగా మారింది. దానితో పాటు మనిషి బాగుపడ్డాడు.

మన కల్పిత కుటుంబానికి దీన్ని అన్వయించి చూడండి. కొడుకు పూర్తిగా కోలుకోకపోయినా సరే, ఇంట్లో ఒంటరిగా ఉండగలిగేంత స్థిమితపడితే చాలు. తల్లికి నెలకు పది రోజుల కూలి, 3,000 రూపాయలు తిరిగి వస్తాయి. నెలకొకసారి ప్రయాణానికి పోయే 600 తీసివేస్తే 2,400 మిగులు. కొడుకు పొలానికి వెళ్ళడం మొదలుపెడితే ఇక చెప్పనక్కరలేదు.

తల్లి కాలాన్ని కూలి రేటుకు కట్టడం కూడా సగం న్యాయమే. ఆమెకు బదులు ఒక మనిషిని జీతమిచ్చి పెట్టుకుంటే ఎంతవుతుందో అంత కట్టాలనే పండితులున్నారు. అలా కడితే ఆమె పని విలువ ఇంకా పెరుగుతుంది. ఏ పద్ధతి ఎంచుకున్నా ఒకటి మాత్రం ఖాయం: దాని విలువ సున్న మాత్రం కాదు. ఇన్నాళ్ళూ పుస్తకాల్లో సున్న వేస్తూ వచ్చాం.

రెండు నుంచి ముప్పైకి

“కర్ణాటక సంగతి సరే, మన ఏజెన్సీలో సాగుతుందా?” అంటారా? సాగింది. పశ్చిమ గోదావరి జిల్లా గిరిజన ప్రాంతంలో 30 గ్రామాల్లో జార్జి ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధన సంస్థ ఒక ప్రయత్నం చేసింది. ఆశా కార్యకర్తల చేతికి చిన్న పలక కంప్యూటర్లు ఇచ్చారు. వారు ఇంటింటికీ వెళ్ళి కొన్ని ప్రశ్నలు అడుగుతారు: నిద్ర పడుతున్నదా, దిగులుగా ఉంటున్నదా, బతకాలని లేదనిపిస్తున్నదా? ఇబ్బందిలో ఉన్నట్టు తేలినవారిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పంపుతారు. మానసిక జబ్బంటే సిగ్గుపడనక్కరలేదని ఊళ్ళో ప్రచారం కూడా చేశారు.

మొత్తం 5,167 మందిని పరీక్షించగా 238 మందికి సహాయం అవసరమని తేలింది. అంతకు ముందు వారిలో ఏ రకమైన మానసిక వైద్యమైనా పొందినవారు ఇద్దరు. ఈ ప్రయత్నం తరువాత 30 మంది. 238లో 30 అంటే తక్కువే అనిపిస్తుంది. కాని ఇద్దరు ముప్పైమంది అయ్యారంటే పదిహేను రెట్లు. కొత్త ఆసుపత్రి కట్టలేదు. ఉన్న ఆశా కార్యకర్త, ఉన్న ఆరోగ్య కేంద్రం, ఉన్న డాక్టరు. ఖర్చు తక్కువైన పనికి ఫలితం ఏమిటో చూపే లెక్క ఇలా ఉండాలి.

నిజానికి ఈ ఆలోచన కొత్తది కాదు. మన దేశంలో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం 1982లోనే మొదలయింది. జిల్లా కేంద్రంగా వైద్యం ఎలా నడపవచ్చో బళ్ళారి జిల్లాలో నిమ్హాన్స్ వారు చేసి చూపించారు. 1996లో ఆ నమూనా ప్రకారం మొదట నాలుగు జిల్లాలను ఎంచుకున్నారు. అందులో మన మెదక్ ఒకటి. దారి తెలియక ఆగలేదు మనం. దారి చివరిదాకా నడవలేదు, అంతే.

లెక్కలో లేని జిల్లా

2015–16లో నిమ్హాన్స్ వారు జాతీయ స్థాయిలో పెద్ద సర్వే జరిపారు. పన్నెండు రాష్ట్రాల్లో జరిగిన ఆ సర్వే ప్రకారం, పెద్దవారిలో నూటికి సుమారు 10.6 మంది అప్పటికి ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారు. జబ్బు రకాన్నిబట్టి నూటికి డెబ్బై నుంచి తొంభై రెండు మందికి వైద్యం అందడం లేదు. వైద్యం పొందుతున్న కుటుంబాలు మందులకూ ప్రయాణాలకూ చేతినుంచి పెడుతున్నది నెలకు వెయ్యి నుంచి పదిహేను వందల రూపాయలు.

ఆ పన్నెండు రాష్ట్రాల్లో ఛత్తీస్‌గఢ్ ఉన్నది. తెలంగాణ లేదు, ఆంధ్రప్రదేశ్ కూడా లేదు. అంటే చర్ల అడవికి అవతలి పక్క లెక్కలో ఉన్నది, ఇవతలి పక్క లేదు! సర్వే చేసినవారిని తప్పుపట్టడానికి కాదు. అన్ని రాష్ట్రాలూ ఒకేసారి చేయడం ఎవరి తరమూ కాదు. కాని మన ప్రాంతానికి మన అంకె ఉండాలి గదా! ఆ వెయ్యి, పదిహేను వందలలో కూడా పోయిన కూలి లేదన్నది మరిచిపోకూడదు.

చట్టం ఇచ్చిన హక్కు

2017లో పార్లమెంటు మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చేసింది. 2018 మే 29 నుంచి అది అమలులోకి వచ్చింది. దాని ప్రకారం ప్రభుత్వం నడిపే లేదా ప్రభుత్వ నిధులతో నడిచే మానసిక వైద్యం పొందడం ప్రతి ఒక్కరి హక్కు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికీ, ఇల్లూ దిక్కూ లేనివారికీ అది ఉచితంగా అందాలి. ప్రతి జిల్లాలోనూ కనీస సేవలు ఉండాలి. అవి లేకపోతే, రోగి అదే జిల్లాలో మరో చోట వైద్యం చేయించుకోవచ్చు. ఆ ఖర్చు ప్రభుత్వం భరించాలి. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషిని తీవ్రమైన మానసిక ఒత్తిడిలో ఉన్నట్టుగానే భావించి, శిక్షించకుండా ఆదుకోవాలని కూడా ఆ చట్టమే చెప్పింది.

మధ్యతరగతి కుటుంబాలకు పనికివచ్చే అంశం మరొకటి ఇందులో ఉన్నది. శరీర వ్యాధులకు ఏ షరతుల మీద ఆరోగ్య బీమా ఇస్తారో మనోవ్యాధులకూ అలాగే ఇవ్వాలి. బీమా ఉన్నవారు ఆ కాగితాలు ఒకసారి బయటికి తీసి చదువుకోవడం మంచిది. చాలామందికి ఈ హక్కు ఉన్నదనే తెలియదు.

2022 అక్టోబరు 10న టెలి మానస్ అనే ఫోను సహాయం కూడా ప్రారంభమయింది. 14416 నంబరుకు ఫోను చేస్తే రాత్రయినా పగలైనా మాట్లాడతారు, ఖర్చు లేదు. చర్ల వంటి చోటికి ఇది చాలా ఉపకారం. అరవై కిలోమీటర్ల ప్రయాణం ఒక ఫోను మాటతో తప్పితే, మన పట్టీలో 600 రూపాయల పద్దు ఒకటి తుడిచిపెట్టుకుపోతుంది. సిగ్నలు లేని గూడేనికి మాత్రం ఆశా కార్యకర్త కాళ్ళే దిక్కు.

పట్నంలో ఉన్న మనకేమిటి?

ఇదంతా అడవి అంచు ఊరి గొడవ అని పాఠకులు పత్రిక మడిచి పక్కన పెట్టవద్దు. మన ఇళ్ళలో ఏం జరుగుతున్నది? తమ్ముడికి జబ్బు చేసిందని అక్క ఉద్యోగం మానుకుంటుంది. ఆమె జీతం ఎవరి లెక్కలోనూ రాదు. నలుగురికీ తెలుస్తుందని భయపడి, దగ్గరలోని డాక్టరును వదిలి పక్క జిల్లాకు తీసుకువెళతాం. ఆ ఛార్జీలు పరువు ఖాతాలో రాసుకోవాలి. “కూతురి పెళ్ళి అయిందాకా ఆగుదాం” అని వైద్యం వాయిదా వేస్తాం. ఆలస్యానికి వడ్డీ జబ్బు రూపంలో కడతాం. చర్ల కుటుంబానికి దూరం గోదావరి గట్టున ఉన్నది. మనకు దూరం మన వీధి గుమ్మంలోనే ఉన్నది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు 36 దేశాల సమాచారం తీసుకుని 2016లో ఒక అంచనా ప్రకటించారు. దిగులుజబ్బుకూ ఆందోళన జబ్బుకూ వైద్యానికి ఒక డాలరు పెడితే, ఆరోగ్యం రూపంలోనూ పనిచేసే శక్తి రూపంలోనూ నాలుగు డాలర్ల విలువ తిరిగి వస్తుందని తేల్చారు. ఏ వ్యాపారి అయినా ఒప్పుకునే బేరం ఇది. అయినా డబ్బు పెట్టడానికి చేతులు రావడం లేదెందుకు? పెట్టే రూపాయి ఒక శాఖ పుస్తకంలో ఖర్చుగా కనిపిస్తుంది. తిరిగి వచ్చే నాలుగు రూపాయలు ఎన్నో ఇళ్ళలో చెదిరి ఉంటాయి. తల్లి మళ్ళీ మిరపకాయ ఏరడానికి వెళ్ళడం ఏ శాఖ ఆదాయంలోనూ జమ కాదు.

చేయగలిగిన పని

ఇందుకు పెద్ద ఆర్భాటం అక్కరలేదు. చర్ల మండలంలోని ఆశా కార్యకర్తల పుస్తకాల్లో గర్భిణులకు, పసిపిల్లలకు, క్షయరోగులకు పేజీలున్నట్టే, మనోవ్యాధి ఉన్న ఇంటికీ ఒక పేజీ ఉండాలి. అందులో అయిదారు గడులు చాలు: ఈ నెల వైద్యానికి ఎంత దూరం వెళ్ళారు? ఎన్ని రోజుల కూలి పోయింది? ఎవరెవరికి ఎంత ఇచ్చారు? ఇంట్లో ఎవరు కనిపెట్టుకుని ఉన్నారు, ఎన్ని గంటలు? మందు దొరికిందా? చివరి గడి ఫలితానిది: మనిషి ఈ నెల తన అన్నం తాను తిన్నాడా, పనికి వెళ్ళాడా, నలుగురిలో కూర్చున్నాడా?

అయితే ఒక జాగ్రత్త తప్పనిసరి. ఆ పేజీ ఊరి రచ్చబండ మీద చదివే కాగితం కాకూడదు. ఏ ఇంట్లో ఎవరికి జబ్బు అన్నది నలుగురి నోళ్ళలో పడితే, మరుసటి నెలకు ఆ ఇంటి తలుపే తెరుచుకోదు. పేర్లు ఆరోగ్య కేంద్రం దాటి పోకూడదు. అంకెలు మాత్రమే జిల్లాకు వెళ్ళాలి. ఇంత పని చేసే ఆశా కార్యకర్త శ్రమకు కూడా ఖరీదు కట్టి ఇవ్వాలి. ఆమె కాలాన్ని ఉచితం అనుకుంటే, తల్లి విషయంలో చేసిన తప్పునే మళ్ళీ చేసినవాళ్ళమవుతాం.

ఏడాదిపాటు అలా రాస్తే, చర్లకు ఒక మానసిక వైద్యుడు నెలకు రెండుసార్లు రావడానికి అయ్యే ఖర్చు ఎంతో, రాకపోవడంవల్ల ఇప్పుడు అవుతున్న ఖర్చు ఎంతో పక్కపక్కన పెట్టి చూపించవచ్చు. మొదటి అంకె జిల్లా కార్యాలయంలో ఎవరైనా వేయగలరు. రెండవ అంకె ఆ ఇళ్ళలోనే ఉన్నది. దానిని ఇప్పటికీ నెలనెలా కడుతూనే ఉన్నారు. రసీదు మాత్రం ఎవరూ ఇవ్వడం లేదు.